రెండో బ్రేకు

కారు పల్లంలోకి దిగుతోంది. మా ఆయన కాళ్ల వైపు చూశాను. రెండు పాదాలూ పెడల్స్ మీద లేవు. ఆయన మాత్రం స్టీరింగ్ పట్టుకుని నిమ్మళంగా కూర్చున్నాడు. ముందు కట్టెల మోపులతో ఆడవాళ్లు రోడ్డు వారగా నడుస్తున్నారు. వెనక సీట్లో మా పిల్లలిద్దరు.

హ్యాండ్‌బ్రేక్ లాగాను. కారు కుదుపులతో వెళ్లి ఆగింది. బెదిరి పక్కకు దూకిన ఒకామె మోపు కింద పడింది.

"కనిపిస్తలేదా? పక్కకు నడవరాదా!" అని ఆయన వాళ్ల మీదికే అరిచాడు.

"మేం పక్కనే ఉన్నం సారూ. నీ బండే మా కాడికొచ్చింది," అందామె. మిగతావాళ్లు నవ్వారు.

"బ్రేక్ ఎందుకు వెయ్యలేదు?" అనడిగాను.

"క్లాసుల మాస్టరే ఏస్తడు గదా. ఆయన దిక్కు సుత ఒక బ్రేక్ ఉంటది."

ఆయన ఖమ్మంలో డ్రైవింగ్ స్కూల్లో చేరి రెండు వారాలైంది. నాకు పెళ్లికి ముందే మా నాన్న నేర్పాడు. భార్య నేర్పుతుంటే మా ఖానాపురం హవేలి వీధుల్లో నలుగురూ చూస్తారని, ప్రాక్టీసుకు ఇల్లెందు దారిలో అడవి దాకా నాచేతే నడిపించి, అక్కడ స్టీరింగ్ తను తీసుకునేవాడు. ఆదివారం పిల్లల్ని తనే భద్రాచలం తీసుకెళ్తానని వాళ్లకు మాట కూడా ఇచ్చాడు.

తిరుగుదారిలో నేనే నడిపి, నేరుగా డ్రైవింగ్ స్కూలు ముందు ఆపాను. ఈయనకు బ్రేకు ఎందుకు నేర్పలేదని అడిగితే, మాస్టర్ గుట్కా ఉమ్మేసి, మూతి తుడుచుకున్నాడు. తుంపర నా చెప్పు మీద పడింది.

"నేర్చుకునేటోళ్లు తొక్కితే నా క్లచ్ ప్లేట్లు ఉంటయా మేడం? గందుకే తిప్పుడు సారుది, ఆపుడు నాది."

"భలే చెప్పిండ్రు మాస్టర్!" అని మా ఆయన పగలబడి నవ్వాడు. ఆయనతో పాటు వాడూ నవ్వాడు, ఎర్రటి పళ్లన్నీ కనిపించేలా. ఇద్దరిలో ఎవరిని చూస్తే ఎక్కువ రోత పుట్టిందో చెప్పలేను.

రాత్రి అన్నం తినేటప్పుడు ఆయన కంచాన్ని స్టీరింగ్‌లా తిప్పుతూ అడవి దారిలో ఎలా నడిపాడో చెబితే పిల్లలు చప్పట్లు కొట్టారు. మోపు పడిపోయిన మనిషి మాట ఆ కథలో లేనే లేదు.

పొద్దున పాపకు జడ వేస్తూ, పక్కన గడ్డం గీసుకుంటున్న ఆయనకు వినపడేలాగే పిల్లలిద్దరికీ చెప్పాను: "ఆదివారమే కాదు, ఏ రోజైనా సరే, నాన్న నడిపితే కారెక్కొద్దు. అమ్మ వద్దన్నదని చెప్పండ్రి."

"నాన్న కోపం చేస్తే?" అన్నాడు బాబు.

"చెయ్యనియ్యి. బండి ఆపుడు వచ్చినంక ఎక్కుదురు."