నాగప్ప లేచి నిలబడ్డ శుక్రవారం

ఖతర్‌లోని మెసయీద్‌లో రూత్ టీచర్ కారు నడిపే నాగప్పది అనంతపురం జిల్లా. ఆమె క్వేకర్. ఆ క్రైస్తవుల్లో పాస్టరు ఉండడు, పెద్దా చిన్నా ఉండదు. శుక్రవారం ఆమె ఇంటి ముందు గదిలో ఏడెనిమిది మంది మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపలి నుంచి మాట వస్తే లేచి చెబుతారు. మిగతావాళ్ళు వింటారు.

"మేడమ్ అనొద్దు, రూత్ అను" అనేదామె. నాగప్పకు నోరు తిరిగేది కాదు. కానీ 1996లో తననూ లోపలికి పిలిచి సోఫాలో కూర్చోబెట్టిన సంగతి తోటి డ్రైవర్లకు వారం పాటు చెప్పుకున్నాడు.

కారులో ఆమె తమవాళ్ళ పాత కథలు చెప్పేది. ఎంత పెద్ద దొర ముందైనా టోపీ తీయకుండా జైలుకు వెళ్ళారట. బానిసల విడుదల కోసం పోరాడారట. "అయినా అమెరికాలో మా ప్రార్థన గదుల్లోనే నల్లవాళ్ళకు వెనక వేరే బెంచీ వేశాం" అని ఒకరోజు తల దించుకుంది.

"అట్లెట్లా చేస్తిరి మేడమ్? పాపం కదా!" అన్నాడు నాగప్ప.

ఆ ఇంట్లో వంట చేసే హనుమక్కదీ నాగప్ప ఊరే. కాకపోతే ఊరి బయటి వాడ. ఊళ్ళో ఆయన్ని "సామీ" అని పిలుస్తూ వాకిట్లోనే నిలబడేది. ఖతర్ వచ్చాక "అన్నా" అనడం మొదలుపెట్టింది. ఆయన పలికేవాడు. నీళ్ళు తాగే గ్లాసు మాత్రం వేరేగా కారులో ఉంచుకునేవాడు.

ఒక శుక్రవారం రూత్ హనుమక్కనూ రమ్మంది. ఖాళీగా ఉన్నది నాగప్ప పక్క చోటే. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి కూర్చుంది. బయటికి వెళ్ళిపోదామని నాగప్ప లేచాడు.

అందరూ తలెత్తారు. లేచాడంటే మాట వచ్చిందని వాళ్ళ లెక్క. రూత్ ముఖం వెలిగింది. ఎందుకు లేచాడో హనుమక్క ఒక్కదానికే తెలుసు. ఆమె ఒళ్ళోని చేతుల్ని చూసుకుంటోంది. నాగప్పకు వెనక బెంచీ గుర్తొచ్చింది. చెవులు కాలిపోయాయి. "ఏం లేదు" అని గొణిగి, తిరిగి కూర్చోలేక, తలుపు తీసుకుని పోయాడు.

తర్వాత వంటింటి గుమ్మంలో ఆమె అడిగింది. "ఏం చెప్తావో అని అంతా కాసుకుని ఉంటే, చెప్పకనే పోతివే?"

"కడుపులో బాగలేదు."

"ఔనా? నేనొచ్చి కూర్చునేదాకా బాగనే ఉంటివి కదా."

నాగప్ప కారు తుడవడానికి బయటికి పోయాడు.

మరుసటి శుక్రవారం అందరికంటే ముందు వచ్చి, సోఫా చివరికి జరిగి, చోటు వదిలి కూర్చున్నాడు. హనుమక్క రాగానే "రాక్కా, ఇట్ల కూర్చో" అన్నాడు.

ఆమె వంటింట్లోంచి తెచ్చుకున్న స్టూలు వెనక గోడ దగ్గర వేసుకుంది.

"ఈడే బాగుంది సామీ" అంది.