జగిత్యాల బస్సులో మా ఇంటి లెక్క

ఆ రోజుల్లో కంప్యూటర్ కోర్సు చేసిన పిల్లంటే మా చుట్టాల్లో సగం డాక్టరంత గౌరవం ఉండేది. మిగతా సగం గౌరవాన్ని నాకు నేనే ఇచ్చుకునేదాన్ని. మా ఊరు కోరుట్లలోనే ఆరు నెలలు నేర్చుకుని, మా బాపు తాళ్లెక్కి కల్లు గీసి కూడబెట్టిన పైసలతో పాత కంప్యూటర్ ఒకటి కొనిపించి, ఇంట్లో ఎవరూ దాని మీద చెయ్యి వేయకుండా కాపలా కాసేదాన్ని. (దుమ్ము తుడవాలన్నా మా అమ్మ నన్ను అడగాలి.) సిరిసిల్లలో మా అక్కవాళ్లింట్లో ఇంకొకటి ఉండేది. బావ నాలుగు మరమగ్గాలు నడిపే మంచి రోజుల్లో బట్ట లెక్కల కోసం కొన్నాడు. మూడోది జగిత్యాలలో మా చిన్నాయన దగ్గర ఉండేది.

మరమగ్గాలను సిరిసిల్లలో సాంచలంటారు. ఆ ఏడాది సాంచలు ఆగిపోయాయి. మాట్లాడితే వినపడని గల్లీలో గోడ గడియారం చప్పుడు వినపడసాగింది. బావ తన నాలుగు సాంచలనూ తుక్కు కింద తూకానికి అమ్మి దుబాయికి సిద్ధమయ్యాడు. ఆ డబ్బు చాలక మూడిళ్ల వాళ్లం తలా కొంత వేశాం. ఎవరెంత వేశారు, వీసా ఏజెంటుకు ఎంత ముట్టింది అన్న లెక్క మూడు కంప్యూటర్లలోనూ ఒకేలా ఉండాలని నేను శాసనం చేశాను. ఇంట్లో ఇంటర్నెట్ లేదు. ఫైలు ఫ్లాపీ ఎక్కేది, ఫ్లాపీ నా సంచిలోకి ఎక్కేది, నేను ఆర్టీసీ బస్సెక్కి సిరిసిల్ల నుంచి కోరుట్లకు, అక్కడి నుంచి జగిత్యాలకు మోసేదాన్ని.

బావ విమానం ఇంకా మూడు రోజులుందనగా జగిత్యాల ఏజెంటు బాంబు పేల్చాడు. మూడో కిస్తు రాలేదట. రేపు మధ్యాహ్నం లోపల కట్టకపోతే వీసా ఇంకొకరికి ఇచ్చేస్తాడట. బావ అక్కను వెంటబెట్టుకుని పోయి ఆ డబ్బు తన చేతులతోనే కట్టాడు. కానీ రసీదు చొక్కా జేబులో ఉండి ఉతుకుడులో గుజ్జయిపోయింది. చిన్నాయన కంప్యూటర్ తెరిచి చూస్తే మూడో కిస్తు లేదు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. ఆయన అక్కకు ఫోన్ కలిపాడు.

“ఇచ్చినమంటిరి, కంప్యూటర్ల ఏది బిడ్డా మరి?”

“నేనే టైపు కొట్టిన చిన్నాయినా! రసీదు నంబరు సుత కొట్టిన!” అక్క ఏడుపు ఫోను దాటి నాకు వినపడింది.

“కొట్టినదాన్ని దయ్యం మింగిందా?”

“వైరస్ మింగుంటది” అన్నాను నేను, డాక్టరు రోగం పేరు చెప్పినంత ధీమాగా.

సాయంత్రం చాయ్ తాగుతుంటే అసలు సంగతి తట్టింది. అక్క ఇచ్చిన ఫ్లాపీ నుంచి ఫైలును నా కంప్యూటర్‌లోకి తీసుకోవాల్సింది పోయి, నా పాత ఫైలును ఫ్లాపీలోకి ఎక్కించాను. అక్క కొట్టింది చెరిగిపోయింది. ఆ చెరిగినదాన్నే బస్సులో మోసుకొచ్చి చిన్నాయన కంప్యూటర్‌కు కూడా అంటించాను. వైరస్‌ను నేనే!

ఒక్కటే ఆశ. అక్క గల్లీలో ట్రాన్స్‌ఫార్మర్ కాలి పది రోజులు కావడంతో ఆమె కంప్యూటర్ మాత్రం నా చేతికి చిక్కలేదు. తెల్లవారి మొదటి బస్సుకే సిరిసిల్ల చేరాను. కరెంటు ఇంకా రాలేదు. కరెంటున్న వేరే గల్లీకి పోయి ఎవరినో బతిమాలే టైం లేదు, జగిత్యాల బస్సు తప్పితే మధ్యాహ్నం దాటిపోతుంది. సీపీయూ డబ్బాను పీకి, దుప్పట్లో చుట్టి బస్సెక్కాం. అక్క దాన్ని ఒళ్లో పెట్టుకుంది.

“పొల్లనా, పొలగాడా?” అడిగింది పక్కసీటు అవ్వ, దుప్పటి వైపు చూసి.

“పొల్లనే అవ్వా” అంది అక్క తడుముకోకుండా.

“ఎంత బుద్ధిమంతురాలే! గింత సుత ఏడ్వది.”

కండక్టర్ మాత్రం వేలితో తట్టి చూశాడు. “గీ పొల్లకు లగేజీ టికెట్ తియ్యాలె” అన్నాడు.

వేములవాడ దాటాక ధైర్యం చేశాను. “అక్కా, వైరస్ కాదే. నేనే.”

“నాకెర్కనే. కొట్టి నీ చేతికే ఇస్తిని గదా.”

“మరి చిన్నాయినకు ఎందుకు చెప్పలే?”

“నీ ఇజ్జత్ పోతది గదనే” అంది అక్క, డబ్బాను ఇంకాస్త దగ్గరికి లాక్కుంటూ. నేను జారిన దుప్పటి కొసను డబ్బా మీదికి సర్దాను.

ఏజెంటు ఆఫీసు నిండా వీసాల కోసం వచ్చిన గొల్లపల్లి, వెల్గటూర్ వైపు యువకులు కూర్చుని ఉన్నారు. బల్ల మీద కంప్యూటర్ ఉంది. నేను దాని తెర, కీబోర్డు వైర్లు ఊడదీయబోతే ఆయన లేచాడు.

“ఏయ్, నా కంప్యూటర్ల చెయ్యి పెట్టకు!”

“మీదాంట్ల పెడతలేను సారూ, మాదాంట్ల పెడుతున్న” అని మా డబ్బాకు తగిలించాను. అది లేచేదాకా ఆఫీసంతా తెర వైపే చూసింది. ఫైలు తెరుచుకుంది. మూడో కిస్తు, రసీదు నంబరు, పక్కన అక్క రాసిన ముక్క: ‘సారు చాయ్ తాగుకుంట తీస్కున్నడు. మాకు పొయ్యలె.’

అందరూ నవ్వారు, ఏజెంటు తప్ప. “కంప్యూటర్ల ఎవలు ఏమన్న కొట్టుకుంటరు” అన్నాడు.

అప్పటిదాకా నా వెనక నిలబడ్డ అక్క ముందుకొచ్చింది. “మరి మీ రసీదు బుక్కుల గా నంబరు తియ్యుండ్రి సారూ.”

“తియ్ సారూ, మేం సుత సూస్తం” అంటూ యువకులు లేచి బల్ల చుట్టూ మూగారు. పుస్తకం తెరవక తప్పలేదు. ఆ నంబరు దగ్గర, నీలం కార్బన్ అక్షరాల్లో బావ పేరు! పన్నెండు కాకముందే పాస్‌పోర్టు, టికెట్ అక్క చేతికి వచ్చాయి. ఆ వెంటనే యువకులు నా ముందు వరస కట్టారు. “చెల్లే, మా రసీదుల నంబర్లు సుత రాసిపెట్టవా?” అక్కడే కూర్చుని ఏజెంటు కాగితాల మీదే, ఏజెంటు పెన్నుతోనే పదిమందికి పైగా రాసిచ్చాను. (ఆయన మాకు చాయ్ కూడా తెప్పించాడు.) అనుకున్న రోజుకే బావ విమానమెక్కాడు. నేనూ కొత్త శాసనం చేశాను: ఎవరింటి లెక్క వాళ్ల ఫైలులోనే, ఒకరిది ఇంకొకరు ముట్టుకోవద్దు, నేను మొత్తం మాత్రమే కూడతాను.

ఏజెంటు ఆఫీసు నుంచి తిరిగొస్తున్న సాయంత్రమే కోరుట్ల బస్సులో పక్కనున్న ఆమెకు ఈ కథంతా చేతులూపుతూ చెప్పాను. ఏజెంటు పుస్తకం తెరిచే ఘట్టానికి వచ్చేసరికి కోరుట్ల దాటిపోయింది. కథ ముగిసేసరికి మెట్‌పల్లి. దిగి, మళ్లీ టికెట్ కొని వెనక్కి వచ్చాను. ఇప్పుడు నేను బస్సెక్కితే నిద్రపోతాను, దిగాల్సిన చోటే దిగుతాను. ఫ్లాపీలు మోసిన ఆనాటి పిల్ల ఎప్పుడైనా పక్కసీటులో దొరికితే మాత్రం, ఊరు దాటిపోతోందని చెప్పకుండా, మెట్‌పల్లి దాకా ఊకొడుతూ కూర్చోవాలని ఉంది.