జంపక్క అనని మాట

దుమ్ముగూడెంలో బస్సులు ఆగే కాడ చాయ్ అమ్మే జంపక్కకు మాట మీదనే అనుమానం. ఎవరి గురించి ఎవరడిగినా గ్లాసులు కడుగుతూ “నాకేం తెల్వది” అంటది. అడవిలోంచి వచ్చిన అన్నలూ, జీపుల్లో వచ్చిన పోలీసోళ్లూ అడిగేది ఒక్కటే: ఎవరేమన్నరని. పక్క గదిలో జ్వరాల సర్వే రిపోర్టులు రాసే రాంబాబు మీద ఆమె కన్నేసి ఉంచింది. బండి మీంచి పడి చెయ్యి విరిగినప్పటి నుంచి అతను చెవికి నీలం లైటు మెరిసే ముక్క తగిలించుకుని, ఎదురుగా మనిషే లేకుండా ఇంగ్లీషులో మాట్లాడుతున్నడు. మధ్యమధ్య “కామా, ఫుల్‌స్టాప్” అంటున్నడు. అవి సంకేతాలే అనుకుంది. ఒకనాడు చాయ్ తీసుకపోయి అడిగేసింది.

“మా ముచ్చట్లన్నీ ఎవరికి చేరేస్తున్నవ్ సారూ?”

“ఎవరికీ లేదక్కా! నేను చెప్తే కంప్యూటరే టైపు చేస్తది. నువ్వూ ఏదన్నా చెప్పి చూడు,” అని దాన్ని తీసి ఆమె చెవికి పెట్టిండు.

“నాకేం తెల్వది,” అంది జంపక్క, అలవాటు కొద్దీ.

తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడ్డయి. రాంబాబు పకపకా నవ్విండు. “దీనికి తెలుగు రాదక్కా. నీ మాట ఇంగ్లీషనుకుని ‘నాక్ హిమ్, టెల్ వే’ అని రాసింది. వాణ్ని కొట్టు, దారి చెప్పు అన్నవంట!”

జంపక్క చెవిలోని ముక్కను పీకి బల్ల మీద పెట్టేసింది. “నేనా మాట అన్లే. చదివినోళ్లు నేనే అన్నననుకుంటరు. తుడిచెయ్.”

అతని నవ్వు ఆగిపోయింది. పేజీ మొత్తం తుడిచేసి, కంప్యూటర్ ఆపిండు. తెర నల్లబడేదాకా ఆమె గుమ్మంలోంచి కదల్లేదు.