గాలిని తూచే సాక్షి

స్టీలు టిఫిన్ డబ్బా మూత తీయగానే ఒక వాసన వస్తుంది. సూది వేసే ముందు నర్సమ్మ దూదితో రుద్దినప్పుడు వస్తుందే, అచ్చం అదే. లోపల ఒక కారు సెన్సర్, దాన్ని శుభ్రం చేసే స్ప్రే పీల్చుకున్న తువాలు ముక్క ఉంటాయి. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు తొమ్మిదో తరగతి సైన్సు పరీక్ష గుర్తొస్తుంది. గాలికి బరువు ఉంటుందా అని అడిగారు. ఉండదని రాశాను. అక్కడితో ఊరుకోక, ఉంటే మనందరి నెత్తులూ సొట్టలు పోయేవి కదా అని కారణం కూడా రాశాను. ఆ ఏడే బడికీ నాకూ చెల్లిపోయింది. ఇవాళ నాచారంలో సొంత షెడ్డు పెట్టుకుని, వచ్చిన ప్రతి బండికీ గాలి బరువు చూసే అన్నం తింటున్నాను.

ఆ బరువు నేర్పినవాడు మల్లేశన్న. మౌలాలి రైల్వేలో మీటర్లు బాగుచేసి రిటైరైన మనిషి. నాచారం ఫ్యాక్టరీల వెనక రేకుల షెడ్డు వేసుకుని టర్బో కార్లకు ట్యూనింగ్ చేసేవాడు. అంటే లాప్‌టాప్ తగిలించి, ఎప్పుడెంత డీజిల్ పోయాలో కారులోని కంప్యూటర్‌కు కొత్తగా చెప్పడం. నేను చేరేనాటికి నాకు ఇరవై ఆరేళ్లు. చేతిలో పానాలు, నోట్లో జోకులు.

అతనికో పట్టింపు ఉండేది. బండి ఎవరిదైనా సరే, గాలి సెన్సర్ చూడనిదే లాప్‌టాప్ తెరవనిచ్చేవాడు కాదు. ఎయిర్ ఫిల్టర్ దాటాక గొట్టంలో వేలెడంత ఉంటుందది. ఇంజన్‌లోకి ఎంత బరువు గాలి పోతోందో తూచి చెబుతుంది. దాని మాట నమ్మి కంప్యూటర్ డీజిల్ పోస్తుంది. మల్లేశన్న ముందు దాని ప్లగ్గు పీకి బండి నడిపేవాడు. పీకాక బండి మందగించిందా, సెన్సర్ మంచిది. పీకాక ఇంకా హుషారుగా పరిగెత్తిందా, దొంగ అదే. అప్పటికీ అనుమానం తీరకపోతే టిఫిన్ డబ్బాలో దాచుకున్న మంచి సెన్సర్ బిగించి చూసేవాడు. దాన్ని సాక్షి అనేవాడు.

"సాక్షిని పిలువకుండ తీర్పు చెప్తవార?"

"అన్న, నువ్వు రైల్వేల జేసినవా, కోర్టుల జేసినవా?"

నవ్వేవాడు కాదు. చేతిలో పానా పెట్టేవాడు.

ఒకరోజు పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే శిరీష గారు తన కారు తెచ్చారు. "ఒక్కదాన్నే ఉంటే ఫర్వాలేదండీ. నలుగురం ఎక్కితే ఎత్తు ఎక్కడం లేదు. వచ్చే వారం మా వాళ్లతో అరకు వెళ్లాలి" అన్నారు. మల్లేశన్న నా వైపు తిరిగాడు.

"గిది నీ బండి. సక్కగ జేస్తే రేపటి సంది లాప్‌టాప్ నీది. లేకుంటే ఆయిల్ మార్చుకుంట కూసో."

అని, కళ్లు చూపించుకోవడానికి మల్కాజిగిరి వెళ్లిపోయాడు.

తొమ్మిదో తరగతి తర్వాత నన్ను నమ్మి ఎవరైనా పెట్టిన పరీక్ష అదొక్కటే. ఆత్రం ఆగలేదు. డబ్బా జోలికి పోకుండా లాప్‌టాప్ తెరిచాను. గాలి అంకె తక్కువగా కనబడింది. పాత ఇంజన్, ఇంతకన్నా ఏం పీలుస్తుందిలే అనుకుని, ఆ గాలికే డీజిల్ ఎక్కువ పోసేలా మార్చేశాను. ఉప్పల్ రోడ్డెక్కగానే కారు ఆగమంటే ఆగలేదు. బ్రేకులు బాగానే ఉన్నాయి లెండి, ఆగాలని నాకే లేదు. శిరీష గారికి ఫోన్ చేసి "మేడం, ఎగుర్తుంది" అన్నాను.

మల్లేశన్న తిరిగొచ్చి ఒకటే అడిగాడు. "సాక్షిని పిలిచినవా?"

"బండే ఉరుకుతుంటే సాక్షి ఎందుకన్న?"

డబ్బా తెరిచి, కారులోని సెన్సర్ పీకి, సాక్షిని బిగించాడు. "ఇప్పుడు తొక్కు."

తొక్కాను. వెనకనుంచి నల్లటి పొగ తన్నుకొచ్చింది. మొన్ననే సున్నం వేసిన గోడ మీద బర్రె పడుకున్నంత మచ్చ పడింది.

"గాలి మస్తుగనే వస్తుంది. తక్కువ వస్తుందని సెన్సర్ అబద్ధం చెప్పింది. ఆ అబద్ధానికి సరిపోను నువ్వు డీజిల్ పోసినవ్. రేపు ఎవడన్న మంచి సెన్సర్ పెట్టిండనుకో, ఇంజన్ పొగల మునుగుతది."

"పాతదే పెట్టి ఇచ్చేద్దామా అన్న? ఇప్పటికైతే గుంజుతుంది గద."

"నీ బండి అని చెప్పిన గద. నీ ఇష్టం." కళ్లలో వేసిన మందుకు రెప్పలు ఆడిస్తూ చాయ్ తాగడానికి వెళ్లిపోయాడు.

ఇంకో గంటలో శిరీష గారు వస్తారు. పాతది బిగించడానికి రెండు స్క్రూలు. రెండే. బిగిస్తే లాప్‌టాప్ నాది. స్క్రూడ్రైవర్ పట్టుకుని గోడ మీది బర్రెను చూస్తూ నిలబడ్డాను. గాలికి బరువు లేదని రాసిననాడు మునిగింది నేనొక్కణ్ణే. ఇప్పుడు ఘాట్ రోడ్డెక్కేది ఆవిడ.

ఆవిడ రాగానే సెన్సర్ చేతిలో పెట్టి, గోడ చూపించి, అంతా చెప్పేశాను.

"మరి ఫోన్లో ఎగురుతోందన్నారు?"

"గాలి మాటలు మేడం."

నవ్వకూడదనుకుంటూనే నవ్వారు. "ఇంకో రెండ్రోజులు ఉంచుకోండి. కానీ ఈసారి ఎగురుతోందని చెప్పకండి. ఏమేం చూశారో చెప్పండి."

నేను మార్చినదంతా తీసేసి, కొత్త సెన్సర్ బిగించాను. ట్యూనింగ్ లేకుండానే పోయిన బలం చాలావరకు తిరిగొచ్చింది. ఆ పైన చిటికెడు డీజిల్ కలిపాను, అంతే. పొగ లేదు. అరకు నుంచి శిరీష గారు పంపిన మెసేజ్‌లో ఒకటే మాట: "ఎక్కింది." మర్నాడు షెడ్డుకు వెళ్లేసరికి లాప్‌టాప్ నా బల్ల మీదుంది.

ఇప్పటికీ ఎవరైనా ఏదైనా గట్టిగా చెబితే నా చేయి ముందు ఆ డబ్బా మీదికే పోతుంది. ఆ చెప్పేది నేనైతే ఇంకా తొందరగా పోతుంది.

తెలంగాణ వచ్చిన ఏడు మల్లేశన్న షెడ్డు నాకప్పగించి జనగామ వైపు సొంతూరికి బయలుదేరాడు. ఆ రోజే డబ్బా ఇచ్చాడు. అందుకుంటూ నోరు ఊరుకోక అడిగాను. "అన్న, సెన్సర్లకు గిన్ని పరీక్షలు పెడితివి. నా అసొంటి నోటిదూల గాన్ని ఒక్కనాడు గూడ ప్లగ్గు పీకి సూడకపోతివి. ఎట్ల నమ్మినవ్?"

మల్లేశన్న సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"సూడలేదని ఎవడన్నడు? చెల్లె పెండ్లని నాలుగు దినాలు పోతివి గద. గా నాలుగు దినాలు షెడ్డు ఒక్క ఎత్తు ఎక్కలే."