చెవి అందని చేయి

జూన్‌లో మా బడి వరండా నిండా కొత్త యూనిఫాంల గంజి వాసన ఉంటుంది. ఈ ఉదయం ఆ వాసన తగలగానే విమల మేడమ్ గుర్తుకు వచ్చారు. సంతోష్‌నగర్‌లోని ఈ చిన్న బడికి ఒకప్పుడు ఆమె ప్రధానోపాధ్యాయురాలు. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, పదో తరగతికి పాఠాలు చెబుదామని వచ్చిన నన్ను ఆమె నర్సరీలో కూర్చోబెట్టారు. "ఏడాదికొక తరగతి ఎక్కి రా బిడ్డా. కింద ఏమైతదో చూడకుంటే పైన ఎందుకు ఆగిపోతరో తెల్వదు" అన్నారు. ఆ మాటకు రుజువు అడిగాను. నవ్వి, నర్సరీ హాజరుపట్టీ నా చేతిలో పెట్టారు. ఆ మాటను ఇప్పటికీ సగమే ఒప్పుకుంటాను.

ఒకటో తరగతిలో చేర్చుకునే ముందు ఆమె ప్రతి బిడ్డనూ కుడిచేతిని తల మీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోమనేవారు. చెవి అందితే ఒకటో తరగతి, లేకుంటే యూకేజీ. పాతకాలం నుంచి వస్తున్న ఈ కొలత మీద నాకు నమ్మకం కుదరలేదు. రెండో ఏడాది ఎల్కేజీ చెప్పడం ముగిశాక వచ్చిన జూన్‌లో, ఒకటో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలందరి చేతా చెవి పట్టించి చూశాను. కొందరికి అందనే లేదు. మరి వాళ్లను ఎలా చేర్చుకున్నట్టు?

అది అడగబోయేసరికి ఆమె గదిలో యాదగిరి కూతురితో ఉన్నాడు. జల్‌పల్లిలో పాడి గేదెలున్న మనిషి. అతని కూతురు భవాని నా దగ్గరే ఎల్కేజీ ముగించింది. పెన్సిల్ ఇస్తే వెనక దాచుకునేది, రాయమంటే ఏడ్చేది.

"మేడమ్, నా బిడ్డకు ఏబీసీడీలు మస్తు వస్తయ్. యూకేజీ ఎందుకు? సీదా ఒకటో తరగతిల వెయ్యిండ్రి. లేకుంటే వేరే బడి చూస్కుంట."

"భవానీ, చెవి పట్టు బిడ్డా" అన్నారు మేడమ్.

చిన్న వేళ్లు జడ దగ్గరే ఆగిపోయాయి.

"చెయ్యి ఇంకా సాగాలె యాదగిరన్నా."

అతను పకపకా నవ్వాడు. "గిదేంది! మా అమ్మ పోలిక, పొట్టి చేతులు. మంచిగ పాలు తాపిస్త, వచ్చే ఏడు అందుతది తియ్యిండ్రి." కూతుర్ని భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

నేను చూసింది ఆమె ముందుంచాను. "ఈ పరీక్ష తప్పు మేడమ్."

"నాకు తెల్వదా? వారం దినాలు పిల్లల పక్కన కూసొని చూసినంకనే ఎవరు ఏ తరగతో అనుకుంట. చెవి పట్టించుడు తండ్రుల కోసం. 'నీ బిడ్డకు ఇంక రాదు' అంటే ఇంటికి వొయ్యి బిడ్డను కొడతడు. చెయ్యి పొట్టిగున్నదని ఎవడన్న కొడతడా?"

"ఒకవేళ అందితే?"

"ఇంకో సాకు చెప్దును."

ఆ ఏడాది భవాని యూకేజీలో తనంతట తానే పెన్సిల్ బయటికి తీసింది. ఒక్క బిడ్డతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. అయినా ఆ రోజు కలిగిన సంతోషం నిజం.

ఇప్పుడు ఆ కుర్చీలో నేను ఉన్నాను. నిజం కాదని తెలిసినదాన్ని కొలత అని చెప్పలేక చెవి పట్టించడం మానేశాను. పక్కన కూర్చుని చూసే వారం మాత్రం మానలేదు. మొన్న ఒక తల్లి, కొడుకు వింటుండగానే, "మావోడు ఎనకవడ్డడా మేడమ్?" అని అడిగింది.

"లేదమ్మా. వానికి ఇంకో ఏడు ఆడుకునే పనున్నది" అన్నాను.

వాడు తలెత్తి, పెద్ద బాధ్యత ఒప్పుకున్నవాడిలా గంభీరంగా తల ఊపాడు.