నిలువుటద్దంతో ఒక్కడినే

పదమూడేళ్ళు వచ్చేదాకా నేను అశోక్‌నగర్ దాటి ఒక్కడినే ఎక్కడికీ వెళ్ళలేదు. గారాబం అనుకునేరు, అదేం కాదు. నా మీద నమ్మకం లేదంతే. మా ఇంట్లో అందరికీ గాజు గ్లాసుల్లో షర్బత్ ఇస్తే నాకు మాత్రం స్టీలు గ్లాసులో వచ్చేది. ఎవరినో నవ్వించబోయి చేతులు ఊపుతూ, చేతిలో ఉన్నది కింద పడేయడం నా అలవాటు. అలాంటి నన్ను కాచిగూడ పంపించారు. తెమ్మన్నది నిలువుటద్దం.

తొంభైల మొదట్లో మాట. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. చెయ్యి మంచిదని పేరు. కానీ వేసుకుని చూసుకోవడానికి మా ఇంట్లో ఉన్నదల్లా నాన్న గడ్డం గీసుకునే అరచేతంత అద్దం. అందులో ఒక భుజం కనపడితే రెండోది కనపడదు. "మంచిగనే కుట్టినట్టున్నవు అక్కా, కానీ నాకెట్ల తెలుస్తది?" అనేవాళ్ళు. అలా అన్నవాళ్ళు ఒక్కొక్కరే చిక్కడపల్లిలో నిలువుటద్దం ఉన్న టైలర్ దగ్గరికి మళ్ళారు. శ్రావణంలో పెళ్ళిళ్ళున్నాయి. ఈసారి కూడా పని రాకపోతే మిషన్ అమ్మేస్తానంది అమ్మ. అమ్మ ఊరికే అనే మనిషి కాదు. ఊరికే అనే పని మా ఇంట్లో నాది.

నాన్న కాచిగూడలో ఒక అద్దాల దుకాణంలో బేరం కుదిర్చి, కట్టాల్సింది కట్టేసి వచ్చాడు. తీరా తెచ్చే రోజుకు నాన్నకు డ్యూటీ పడింది, అన్నకు జ్వరం వచ్చింది. మిగిలింది నేను.

అన్న దుప్పట్లోంచి తల బయట పెట్టి, "వీడు అద్దం తేడమ్మా, ముక్కలు తెస్తడు. సంచి ఇచ్చి పంపు" అన్నాడు. జ్వరంలో కూడా మనిషి స్పష్టంగానే ఉన్నాడు.

అమ్మ నవ్వలేదు. "పగిలితే ఇంకోటి కొనుడు మనతోని కాదు బిడ్డా" అంది. అంతే అంది. నేను కూడా అప్పటికి సిద్ధం చేసుకున్న జోకు మింగేశాను.

వెళ్ళేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. చేయి బయట పెట్టొద్దని చెప్పేవాళ్ళు పక్కన లేరు కాబట్టి పెట్టాను. కాసేపటికి నేనే లోపలికి తీసుకున్నాను. వద్దనేవాళ్ళు లేకపోతే అందులో ఏమీ లేదు.

దుకాణంలో ముసలాయన నా వెనక వైపు చూశాడు. "పెద్దోళ్ళు ఎవరొచ్చిన్రు?"

"నేనే."

"నువ్వు కాదు, పెద్దోళ్ళు."

"ఇయ్యాల నేనే పెద్దోణ్ణి తాతా."

ఆయన పైకి చూశాడు. పైన ఫ్యాను తప్ప ఎవరూ లేరు. అద్దం తెచ్చి, పట్టుకునేందుకు అంచుల మీద పాత సైకిల్ ట్యూబు తొడిగి ఇచ్చాడు. నిలబెడితే నా గడ్డం దాకా వచ్చింది. కాగితం చుట్టి ఇమ్మని అడిగాను.

"చుడితే అట్టముక్క అనుకొని గుద్దుతరు. అద్దమని కనవడితే ఎవ్వడు గుద్దడు. ఆగి మీసం చూస్కుంటడు. పరేషాన్ కాకు, సీదా పో."

నేను సీదా బస్టాపుకు పోయాను. కండక్టర్ మెట్టు మీదే చేయి అడ్డం పెట్టాడు. "అద్దంతోని ఎక్కనియ్య. పగిలితే ఎవలకన్న గుచ్చుకుంటది." బస్సు వెళ్ళిపోయింది. నేను వేసుకున్న పథకం అంతా బస్సు దాకానే ఉంది. ఆ తర్వాత ఇక నడకే.

అద్దాన్ని నిలువుగా ఒక పక్కన హత్తుకుని, దాని ముఖం బయటికి తిప్పి నడిచాను. అందులో ఏం కనపడుతోందో నాకు తెలియదు. చూసేవాళ్ళ ముఖాలు మాత్రం నాకు తెలుస్తున్నాయి. ముసలాయన చెప్పినట్టే అయింది. అరటిపళ్ళ బండి ఆపి ఒకాయన జుట్టు దువ్వుకున్నాడు. కాలేజీ అమ్మాయిలిద్దరు చూడనట్టు ముందుకు వెళ్ళి, చూడడానికి వెనక్కి వచ్చారు. నారాయణగూడ చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ టోపీ వంపు సరిచేసుకునేంతవరకు నాలుగు దిక్కుల బండ్లూ ఆగాయి. చేతికర్ర పెద్దాయన ఒకరు "తమ్మీ, జర ఆగు" అని దగ్గరికొచ్చి, చాలాసేపు చూసి, "నేను ఇంత ముసలోణ్ణి ఎప్పుడయిన?" అని నన్నే అడిగాడు, ఆ పని నేనే చేసినట్టు.

అద్దంలో చూసుకునే ముందు ఒక్క క్షణం అందరి ముఖాలూ ఒకేలా అయిపోయేవి. ఎవరి ఇంటి తలుపో కొట్టి, తీసేదెవరా అని నిలబడ్డట్టు. రోజూ చూసే మనుషులే. కానీ అలా ఎప్పుడూ చూడలేదు. ఒక్కొక్కరికీ ఒక్కో జోకు నా నోటి దాకా వచ్చింది. ఒక్కటీ బయటికి రాలేదు. నాకే భయమేసింది.

అంతలో మ్యాట్నీ వదిలారు. సినిమా హాలు గేట్లోంచి జనం ఒక్కసారిగా రోడ్డు మీద పడ్డారు. నేను గోడకు అతుక్కుపోయి, అద్దానికి ముందు నా మోచేతులు పెట్టాను. అమ్మ మిషన్ అమ్ముడుపోయి రిక్షా ఎక్కుతున్నట్టు కళ్ళ ముందు కనపడింది. ఎవరో గట్టిగా అరిచారు: "ఏయ్, చూస్కోండ్రి! పిలగాని తాన అద్దముంది!"

అంత జనమూ రెండుగా చీలింది. తోసుకుంటున్నవాళ్ళు ఆగి, దారి ఇచ్చి, ఆ దారిలోంచే ఒక్కొక్కరు అద్దంలోకి చూసి కాలర్ పైకి లేపుకున్నారు. లోపల అంతసేపు చూసిన హీరో తమలో ఎంత మిగిలాడో చూసుకుంటున్నట్టుంది. చాలామందిలో మిగిలినట్టు లేదు. అయినా నాకు ఒక్కరూ తగలలేదు.

చిక్కడపల్లి చేరేసరికి చేతులు లాగేశాయి. చెప్పులు విడిచి వాటి మీద అద్దాన్ని నిలబెట్టి, ఒక ప్రహరీ గోడకు ఆనించి, ఎదురుగా వచ్చి పట్టుకున్నాను. అప్పుడు చూశాను.

నన్ను నేను తల నుంచి కాళ్ళ దాకా ఒకేసారి చూసుకోవడం అదే మొదలు. ఇంట్లో అద్దంలో ముక్కలుగా తెలుసు. ఫొటోల్లో ఎప్పుడూ నా భుజం మీద ఎవరిదో ఒకరి చెయ్యి ఉంటుంది. ఇక్కడ ఎవరి చెయ్యీ లేదు. నా వెనక చిక్కడపల్లి రోడ్డంతా కదులుతోంది. బస్సులు, రిక్షాలు, పూల గంపలు, కరెంటు తీగలు, వాటి మీద సాయంత్రపు ఆకాశం. అంత ఊరి ముందు ఒక పిల్లాడు ఉత్తి కాళ్ళతో నిలబడ్డాడు. వాడిని ఊరు పట్టించుకోవడం లేదు. అయినా వాడున్నాడు. నాకు ఆశ్చర్యమేసింది.

తర్వాత చూస్తే వాడి నిక్కరు గుండీలు తెరిచి ఉన్నాయి. పొద్దుటినుంచీ అంతే అయ్యుంటుంది. ముసలాయన, కండక్టర్, సినిమా జనం, ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. అందరికీ ఎవరి పని వాళ్ళకుంది.

ఇంటికి చేరగానే అన్న దుప్పటి కప్పుకునే లేచొచ్చి అద్దం అంచులన్నీ తడిమాడు. పగులు దొరకలేదు. "వంకర కనవడుతున్న" అన్నాడు.

"అది అద్దం తప్పు కాదన్నా."

అమ్మ దాన్ని మిషన్ పక్కన గోడకు ఆనించి, కొంగుతో ధూళి తుడిచి, వెనక్కి జరిగి నిలబడింది. పక్కకు తిరిగింది. "ఈ భుజం గిట్ల లేసిందేంది? ఎవరు కుట్టిన్రు గిది?"

"నువ్వే."

పకపకా నవ్వింది. తర్వాత ఆ నవ్వు కూడా ఆగిపోయింది. గల్లీలో సగం మంది కొలతలు నోటికి చెప్పే మనిషి, చీర కుచ్చిళ్ళ దాకా, కాలి మెట్టెల దాకా తనను తాను చూసుకుంటూ అలాగే ఉండిపోయింది.

నేను వార్త చెప్పకముందే గల్లీకి తెలిసిపోయింది. చిక్కడపల్లి టైలర్ దగ్గరికి మళ్ళిన పక్కింటామె గేటు దగ్గరికొచ్చి పిలిచింది. "అక్కా, నిలువుటద్దం వచ్చిందంట కదా?" చంకలో జాకెట్ గుడ్డ ఉంది.

అమ్మ తల తిప్పలేదు. "కూసోమను, వస్త" అంది అద్దంలోని మనిషితో అన్నట్టు.

నేను వెళ్ళి గేటు తీసి ఆమెకు కుర్చీ వేశాను. ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడలేదు. నాకు ఒంట్లో బాగాలేదేమో అని ఆమె రెండుసార్లు అడిగింది.