లాకర్లో ఆరోగ్యంగా ఉన్న బ్యాడ్జి

ముందే ఒప్పుకుంటాను. తొమ్మిదేళ్లపాటు కళ్లను ఎక్స్‌-రేకి అప్పజెప్పి, బ్యాడ్జిని మాత్రం లాకర్లో భద్రంగా దాచిన తెలివైనవాణ్ని నేను.

మలేసియాలోని ఇపో ఊళ్లో ఒక ఆసుపత్రి క్యాథ్‌ ల్యాబ్‌లో నర్సును. ఎక్స్‌-రేలో చూస్తూ గుండె రక్తనాళాల్లోకి వైరు పంపే డాక్టరు పక్కన నిలబడి, అడిగినవి అందిస్తాను. ఒంటికెంత రేడియేషన్‌ తగిలిందో చెప్పే చిన్న బ్యాడ్జి మెడ దగ్గర పెట్టుకోవాలి. రీడింగ్‌ ఎక్కువొస్తే వార్డుకి మార్చేస్తారని భయపడ్డాను. ఆ గదంటే నాకంత ఇష్టం. మాస్కు ఆవిరికి మసకబారుతున్నాయని, కళ్లకి ఎక్స్‌-రే తగలకుండా ఆపే లెడ్‌ గ్లాసెస్‌ కూడా మేకుకే తగిలించాను.

ఒకరోజు మానిటర్‌ మసగ్గా కనిపించింది. సరిగ్గా తుడవలేదని క్లీనర్‌ని విసుక్కున్నాను. ఆ పూటే డాక్టరు రెండున్నర సైజు స్టెంట్‌ అడిగితే డబ్బా చదివి అందించాను.

"ఇది త్రీ పాయింట్‌ ఫైవ్‌ లా! నిద్రపోతున్నావా?" అన్నాడు, ఇక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

ఆయన చూడకపోయుంటే రక్తనాళం చిట్లేదేమో! ఆ మధ్యాహ్నమే కళ్లు చూపించుకోవడానికి వెళ్లాను.

కళ్ల డాక్టరమ్మ దీపం వేసి చూసింది. "పోస్టీరియర్‌ సబ్‌క్యాప్సులర్‌ క్యాటరాక్ట్‌. అంటే లెన్స్‌ వెనకవైపు శుక్లం, రెండు కళ్లకీ. నలభై నాలుగేళ్లకేనా! ఏం పని మీది?"

చెప్పాను. ఇది రేడియేషన్‌ వల్ల వచ్చే రకంలా ఉందని, బ్యాడ్జి రికార్డు తెమ్మంది. చూసి, "దీని ప్రకారం మీరసలు ఆ గదిలో అడుగే పెట్టలేదు. రేడియేషన్‌ వల్లేనని ఎలా రాయను?" అంది. రికార్డులో నా బ్యాడ్జి మాత్రం నిండు ఆరోగ్యంతో ఉంది.

ఇంట్లో మా ఆవిడ సూటిగా అడిగింది: "ఏటండీ, బేడ్జీని దాసినారు, బాగుంది. మరి కళ్లెక్కడ దాసినారు?"

నెల తేడాతో రెండు కళ్లకీ ఆపరేషన్‌ చేసి లెన్స్‌ పెట్టారు. మూడో నెలలో కుడికన్ను మళ్లీ మసకేసింది. మళ్లీ ఆవిడ దగ్గరికే పరిగెత్తాను. "లెన్స్‌ వెనక పొర మందమైంది, అంతే. యాగ్‌ లేజర్‌, ఐదు నిమిషాలు" అంది డాక్టరమ్మ. అన్నట్టే అయింది.

డ్యూటీలో చేరగానే రేడియేషన్‌ సేఫ్టీ మేడమ్‌కి నిజం చెప్పేశాను. చీవాట్లు తిన్నాను. బ్యాడ్జి పెట్టుకున్న మొదటి నెలే రీడింగ్‌ ఎగిరింది. లాకర్‌ ఖాళీ చేయడానికి సంచీ తెచ్చుకున్నాను. మేడమ్‌ మాత్రం నన్ను కదపలేదు. తనే వచ్చి ల్యాబ్‌లో నిలబడింది. ఎక్స్‌-రేకి అడ్డుగా పైకప్పు నుంచి వేలాడే లెడ్‌ గ్లాస్‌ షీల్డ్‌ని మా డాక్టరు, అలవాటు ప్రకారం, మోచేత్తో పక్కకి నెట్టాడు.

"మార్చాల్సింది మనిషిని కాదు డాక్టర్‌, ఆ మోచేతిని" అంది.

అప్పట్నుంచి కొత్త పద్ధతి వచ్చింది. షీల్డ్‌ సరిగా ఉందని డాక్టరు పైకి చెప్పేదాకా నర్సు వైరు అందించకూడదు.

ఇలాంటి గదుల్లో పనిచేసేవాళ్లకి నాదొక్కటే మాట: బ్యాడ్జి ఒంటిమీది లెడ్‌ ఏప్రన్‌ పైన, మెడ దగ్గర ఉండాలి. అది చెప్పే చెడ్డ కబురే మిమ్మల్ని కాపాడుతుంది.

ఇప్పుడు రోజూ అడుగుతాను: "షీల్డ్‌, డాక్టర్‌?"

"ఉంది లా."

"వినబడలేదు, డాక్టర్‌."

ఆయన గట్టిగా మళ్లీ చెబుతాడు. అప్పుడే వైరు. బాగుచేయించుకున్నది కళ్లనే కదా, చెవుల సంగతి నేనెవరికీ హామీ ఇవ్వలేదు.